21 రోజుల్లో అలవాటు కాకపోతే లోపం మనదేనా?

ప్రశ్న (విజయనగరం ఉపాధ్యాయిని):
నేను ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఏడాదిగా వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు వింటూ, వాటిలో పదేపదే వినిపించే మూడు సలహాలను శ్రద్ధగా పాటించాను: తెల్లవారుజామున ఐదింటికి లేవడం, అద్దం ముందు నిలబడి ‘నేను ధైర్యవంతురాలిని, నేను సాధించగలను’ అని చెప్పుకోవడం, ఏ పనినైనా 21 రోజులు వదలకుండా చేయడం. వంటింటి క్యాలెండరు మీద రోజుకొక ఎర్రగీత పెట్టుకుంటూ వచ్చాను. మొదటిసారి 9వ రోజున, రెండోసారి పాపకు జ్వరం వచ్చి 14వ రోజున గీతలు ఆగిపోయాయి. మూడోసారి 21 గీతలూ పూర్తయ్యాయి కానీ, 22వ రోజున అలారం మోగినప్పుడు మంచం దిగడం మొదటి రోజు ఎంత కష్టమైందో అంతే కష్టమైంది. ఫలితం రాలేదంటే మన సంకల్పంలోనే లోపం ఉందని ఆ వక్తలు అంటారు. ఈ మధ్య అద్దం ముందు ఆ మాటలు అనబోతే గొంతు పెగలడం లేదు. నిజంగా లోపం నాదేనా?

జవాబు (విశ్రాంత మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు):
అమ్మా, ముందుగా ఆ 21 సంగతి చెబుతాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టింది అదే. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ముఖానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారు అద్దంలో కనిపించే కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతున్నట్టు గమనించి, ఆ సంగతిని 1960లో వెలువడిన తన పుస్తకంలో రాశారు. అది ఒక వైద్యుడి పరిశీలనే గాని ప్రయోగం కాదు. పైగా మారిన ముఖాన్ని చూసి చూసి అలవాటు పడడం వేరు, చలిలో దుప్పటి తీసి లేవడం వేరు. చేతులు మారుతున్నకొద్దీ ‘కనీసం’ అన్న మాట రాలిపోయి, 21 మాత్రం మిగిలింది.

అలవాటును కొలిచి చూసిన పరిశోధన ఒకటి 2009లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ నుంచి వచ్చింది. ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరూ తాము ఎంచుకున్న ఒక చిన్న పనిని రోజూ ఒకే సందర్భంలో చేస్తూ పోతే, అది ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి ఎప్పుడు చేరుతుందో 84 రోజులపాటు గమనించింది. మధ్యస్థ విలువ 66 రోజులు, అంటే సగం మందికి అంతకంటే తక్కువ, మిగతా సగం మందికి అంతకంటే ఎక్కువ. లెక్కల టీచరైన మీకు ఇది తెలిసిందే. కానీ ఒకరికి 18 రోజులు చాలితే, ఆ 84 రోజుల తీరును ముందుకు పొడిగించి లెక్కిస్తే మరొకరికి 254 రోజులు పట్టవచ్చని అంచనా తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. పాపకు జ్వరం తగ్గాక మీరు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టనక్కరలేదమ్మా, 15వ గీత పెట్టి ఉండవచ్చు.

జవాబు (కౌన్సెలింగ్ చదువుతున్న విద్యార్థిని, వరంగల్):
గొంతు పెగలడం లేదన్న మాట చదివి రాస్తున్నాను. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జొవాన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో, ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అని మళ్లీ మళ్లీ చెప్పుకున్నప్పుడు, తమ మీద తమకు ముందే మంచి అభిప్రాయం ఉన్నవారికి కాస్త మేలు జరిగితే, తమను తాము తక్కువగా చూసుకునేవారికి మాత్రం ఏమీ చెప్పుకోనివారి కంటే దిగులు పెరిగింది. ఈ సలహాను ఎవరికి అవసరమని చెబుతున్నారో వారినే అది గాయపరుస్తోందంటే నాకు కోపం వస్తుంది. మీరు ఆ అద్దం ముందు నిలబడడం మానేయండి అక్కా.

జవాబు (నర్సు, హైదరాబాదు):
నేను రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి, కిటికీకి దుప్పటి కట్టుకుని పగలు పడుకుంటాను. ఐదింటికి లేవమనేవారు మీరు పడుకునేది ఎప్పుడని అడగరు. పెద్దవారికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలన్నది వైద్యులు చెప్పేదే. మా నాయనమ్మ బ్రాహ్మీ ముహూర్తానికి లేచేది నిజమే, కానీ ఎనిమిదింటికల్లా దీపం తగ్గించి పడుకునేది.

జవాబు (బ్యాంకు ఉద్యోగి, విజయవాడ):
పై జవాబులతో నేను పూర్తిగా ఏకీభవించను. షుగరు బయటపడ్డాక ఉదయపు నడక మొదలుపెట్టి నాలుగేళ్లుగా మానలేదు. అయితే నన్ను నిలబెట్టింది సంకల్పం కాదని ఒప్పుకోవాలి. కాఫీ గ్లాసు కింద పెట్టగానే చెప్పులు వేసుకోవాలన్న ఒక్క నియమమే. ఆ కాఫీ మా ఆవిడ కలిపి ఇస్తుందన్న సంగతి కూడా ఇక్కడ రాయడం న్యాయం.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లో అంట్లు తోమి, అత్తగారికి మాత్రలు ఇచ్చి పడుకునేసరికి పదకొండున్నర అవుతుంది; ఐదింటికి లేస్తే ఐదున్నర గంటల నిద్రే మిగులుతుందన్న లెక్క ఇన్నాళ్లూ నేను వేసుకోలేదు. అలారాన్ని ఆరున్నరకు మార్చాను. రాత్రి అంట్ల పని ఇకపై తాను చూసుకుంటానని మా వారు అన్నారు. ఆయనకు రాత్రి షిఫ్టు పడే వారం ఏం చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.