ఐదో తరగతి శనివారం మధ్యాహ్నం: ప్రయోగాలా, నవోదయ కోచింగా?

కావలి నాన్న: మా పాప చదివే మండల పరిషత్ స్కూల్లో శనివారం మధ్యాహ్నం సైన్స్ ప్రయోగాలు చేయిస్తున్నారు. కొందరు తల్లిదండ్రులేమో ఆ రెండు గంటలూ నవోదయ పరీక్షకు తర్ఫీదు ఇవ్వమంటున్నారు. మీరేమంటారు?

కనిగిరి అమ్మ: కోచింగే. నవోదయ ప్రవేశ పరీక్ష 80 ప్రశ్నలు, 100 మార్కులు. మేధాశక్తి, లెక్కలు, భాష, అంతే. సైన్స్ అన్న భాగమే లేదు. మాది వాన కోసం ఎదురుచూసే మెట్ట సేద్యం. పెద్దోడికి సీటొచ్చింది కాబట్టి ఇంటర్ దాకా హాస్టలు, తిండి భారం మా మీద పడలేదు. చిన్నదానికీ రావాలని నా ఆశ. ప్రయోగాలంటే మా ఊళ్లో ఏం జరుగుతుందో చూశాను. కొన్న కిట్టు సారు విప్పుతాడు, పిల్లలు చప్పట్లు కొడతారు, మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

అల్లూరు టీచర్: అక్కా, బీరువా మాట నిజం. దాన్ని నేనూ ప్రయోగం అనను. చెయ్యి పెట్టాల్సింది పిల్లలు.

మాకు ఇస్కపల్లి ఉప్పు మడులు దగ్గర. మార్చిలో సముద్రం నీళ్లు తెప్పించి, ఒక లీటరు పెద్ద తాంబాళంలో, ఇంకో లీటరు బిందెలో పోసి ఎండలో పెట్టించాను. ఏది ముందు ఎండుతుందో ఎవరికి వాళ్లు ముందే పలక మీద రాయాలి. సగం మంది ‘రెండూ ఒకేసారి, నీళ్లు సమానమే కదా’ అని రాశారు. మూడో రోజుకు తాంబాళం ఎండిపోయింది. బిందెలో నీళ్లు తగ్గినట్టే లేవు. మడులు అంత పలచగా, వెడల్పుగా ఎందుకు కడతారో వాళ్లే చెప్పారు.

తాంబాళం గీకి కిరాణా కొట్టు కాటా మీద తూస్తే 34 గ్రాములు. సముద్రం నీటిలో లీటరుకు ఇంచుమించు 35 గ్రాముల లవణాలుంటాయి. ఇంతలో ఒకడు నాలిక మీద వేసుకుని, ‘సార్, చేదుగా ఉండాది!’ అన్నాడు. వెనక వరసలో ఒక పాప లేచింది, వాళ్ల నాయన మడుల్లో పని చేస్తాడు. ‘మా నాయనోళ్లు మొత్తం ఎండనీరు సార్. ఉప్పు లాగేసి, మిగిలిన నీళ్లు పారబోస్తారు’ అంది. చేదు మెగ్నీషియం లవణాలది. అవి చివరిదాకా ఆ నీళ్లలోనే కరిగి ఉంటాయి. మేం పారబోయకుండా ఎండబెట్టాం కాబట్టి అవీ ఉప్పులో కలిశాయి. ఏడాదంతా క్లాసులో నోరు విప్పని పిల్ల తను.

కనిగిరి అమ్మ: చదువుతుంటే కళ్లు చెమర్చాయి సార్. కానీ ఆ పాపకూ సీటు కావాలి కదా?

అల్లూరు టీచర్: కావాలి. అందుకే లెక్కలు ఆ ఉప్పు మీదే చేయించాను. 20 లీటర్లకు ఎంత, కిలో కావాలంటే ఎన్ని లీటర్లు? బిట్ల సాధన వేరే చేయాల్సిందే, ఒప్పుకుంటాను. దానికి పొద్దున బెల్లుకు ముందు అరగంట కూర్చోబెడుతున్నాను. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. రాసేవాళ్లు వేలల్లో. సీటు రాని పిల్లల శనివారం కూడా దానికే ఇచ్చేయమంటే నాకు మనసొప్పదు.

కావలి నాన్న: ఆదివారం తుమ్మలపెంట పోయి రెండు సీసాల నీళ్లు తెస్తాను. బిందె బదులు చెంబు పెట్టొచ్చా సార్?