బాప్తిస్మం అడిగినోళ్లలో నిజంగా మారినోళ్లను ఎట్ల గుర్తుపట్టాలె?

దేవరకొండ_విశ్వాసి:
అందరికీ వందనాలు. మా సంఘంల ఈసారి బాప్తిస్మానికి కొందరు పేర్లిచ్చిన్రు. ఒకామె రోగం నయమయినంక వచ్చింది. ఒక పిలగానికి విశ్వాసుల ఇంటి పిల్లతోని పెండ్లి ఖాయమైంది. మిగిలినోళ్లు సువార్త కూటాలల్ల యేసును నమ్ముతమని చెయ్యెత్తినోళ్లు. బొట్టు తీసిందా, బతుకమ్మ ఆడుతుందా అన్నదే చూడాలని కొందరు పెద్దలంటున్నరు. అసలు ఏం అడగాలె? ఎన్ని రోజులు ఆపాలె?

పాలమూరు_పెద్ద:
బ్రదర్, మనసు చూసేది దేవుడు. పెద్దలకు అందేది మాట, నడత, ఆ రెంటికీ పొత్తు కుదిరిందా అన్నంత వరకే. అపొస్తలుల కార్యములు 8 చదవండి. గారడీ చేసే సీమోను నమ్మిండు, బాప్తిస్మం పొందిండు, ఆ తర్వాత పరిశుద్ధాత్మనిచ్చే అధికారాన్ని పైసలిచ్చి కొనబోయిండు. అదే అధ్యాయంల ఐతియొపీయుడైన నపుంసకునికి తొవ్వలనే, నీళ్లు కనబడంగనే బాప్తిస్మమిచ్చిన్రు. అందుకే దినాల లెక్క కొలత కాదు.

యేసు ఎవరు, సిలువ ఎందుకు అన్నది సొంత మాటల్లో చెప్పమనండి. చదువు రానోళ్లు గూడ చెప్పగలరు. అప్పజెప్పిన పాఠమైతే రెండో ప్రశ్నకే తెలిసిపోతది. తర్వాత ఏం విడిచిపెట్టినవని అడగండి. "పాపం మానేసిన" అంటే ఒప్పుకోవద్దు. లూకా 3లో బాప్తిస్మమిచ్చే యోహాను ఎవరి పనిని బట్టి వాళ్లకు చెప్పిండు: సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేటోళ్లు, ఎక్కువ వసూలు చేయొద్దు, సైనికులు జీతంతోనే తృప్తి పడాలె. మన దిక్కయితే వడ్డీకిచ్చేటాయన నోటు మీద ఎంత రాయించుకుంటున్నడు, పత్తి ఏరిన కూలోళ్లకు తూకంల కోత పెడుతున్నడా, పక్కోని గట్టు జరిపిండా? సుంకరి జక్కయ్య అన్యాయంగ తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తనన్నడు. మూడోది, ఇంట్లోళ్లను అడగండి. భార్య మాట పది సాక్ష్యాల పెట్టు.

రోగం నయమయినామెను అనుమానించొద్దు, తొందరపెట్టొద్దు. లూకా 17లో పదిమంది కుష్ఠురోగులు బాగయితే తిరిగొచ్చింది ఒక్కడే. "రేపు మళ్లీ పడకేస్తే ఏం చేస్తవమ్మా?" అని మెల్లగ అడగండి. ఆ పిలగానికి మాత్రం పెండ్లి ముహూర్తానికి బాప్తిస్మం ముడిపెట్టొద్దు. అట్ల చేసినకాడ పెండ్లయినంక ఆదివారాలు ఖాళీ.

బొట్టు కంటికి కనబడేది కాబట్టి తేలికగ లెక్కేస్తం, అంతే. బొట్టు తీసి అత్తను తిట్టేటామెను ఏమందాం? ఎల్లమ్మకు కోసిన యాట దావతుకు పోవుడు గురించయితే 1 కొరింథీయులకు 10లో పౌలు చెప్పిందే: పిలిస్తే పో, పెట్టింది తిను, ఇది బలి అర్పించిందని ఎవరన్న చెప్తే తినకు.

నల్లగొండ_ఉపదేశి:
మా కతోలిక పద్ధతి కొంచెం వేరండి. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 865 ప్రకారం పెద్దవాళ్లు స్వయంగా కోరుకోవాలి, విశ్వాస సత్యాలు నేర్చుకోవాలి, క్రైస్తవ నడతలో పరీక్షకు నిలవాలి, పాపాలకు పశ్చాత్తాపపడాలి. తపస్సుకాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు) మొదటి ఆదివారం ఎన్నిక, అంటే వీళ్లు తగినవాళ్లని సంఘం ఒప్పుకోవడం, 3, 4, 5 ఆదివారాల్లో పరిశీలన ప్రార్థనలు, ఈస్టర్ ముందు రాత్రి జాగరణలో జ్ఞానస్నానం (బాప్తిస్మం). హిప్పోలితుస్ అనే తొలినాటి సంఘ పెద్ద పేర వచ్చిన ప్రాచీన నియమావళిలో మూడేళ్లు నేర్పాలని ఉంది, కానీ ఆసక్తి ఉన్నవాడికి కాలం కాదు, నడతే చూడాలని అక్కడే ఉంది. విధవరాండ్రను గౌరవించారా, రోగులను చూడబోయారా అని కూడా విచారించమంది. బొట్టు కంటే ఆ ప్రశ్నలు మేలు కదా.

దేవరకొండ_విశ్వాసి:
మంచిగ చెప్పిన్రు. అయినా పెద్దలు ఒక గడువు అడుగుతున్నరు అన్నా.

పాలమూరు_పెద్ద:
గడువే కావాల్నంటే ఒక వానకాలం పంట చూడండి. బోనాలు, బతుకమ్మ, పత్తి పైసలు చేతికొచ్చుడు, అన్నీ అందులోనే వస్తయి.

కాగితాల_సంగతి:
ఒకటి మరిచారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధం కాక వేరే మతం పాటిస్తే ఎస్సీ హోదా ఉండదు. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి (వెనుకబడిన తరగతుల్లో ఒక గుంపు) కిందికొస్తారు, రిజర్వేషన్ 1 శాతం. బాప్తిస్మం తీసుకొని, చర్చికి పోతూ, ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి కేసులో అన్నది. సర్టిఫికెట్ చూసి విశ్వాసం తూచమని కాదు నేననేది. ఆ నష్టం సంగతి నీళ్లలో దిగకముందే అయ్యగారు విడమరిచి చెప్పాలి, పిల్లల చదువులు ఉన్న ఇంటికైతే మరీ.