పంచాయతీ ట్యాంకర్‌కు పంపు బిగించి మంటలు ఆర్పొచ్చా?

మాది నల్లగొండ జిల్లా చందంపేట వైపు చిన్న ఊరు. ఎండాకాలం వస్తే చాలు, కోసిన మళ్లలో ఎవరో ఒకరు కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు, అది గాలికి పాకి గడ్డివాముల దాకా, బత్తాయి తోటల దాకా వచ్చేస్తుంది. 101కి ఫోన్ చేస్తే వాళ్లు బయల్దేరతారు, కాదనను, కానీ ఫైరింజన్ దేవరకొండ నుంచి మా రోడ్ల మీద వచ్చేసరికి మిగిలేది బూడిదే. అప్పటిదాకా మాకు బిందెలు, వేపమండలే దిక్కు.

ప్రభుత్వ పల్లె ప్రగతి కార్యక్రమంలో వచ్చిన ట్రాక్టర్, ట్యాంకర్ పంచాయతీలో ఉన్నాయి, మొక్కలకు నీళ్లు పోయడానికి వాడుతున్నారు. దానికే పంపు బిగిద్దామని కుర్రాళ్లం అనుకుంటున్నాం. ట్రాక్టర్ పీటీవోతో (ఇంజన్ బలంతో వెనక తిరిగే షాఫ్ట్) తిరిగే పంపు మంచిదా, విడిగా పెట్రోల్ ఇంజన్ పంపా? విడి ఇంజన్ అయితే ట్రాక్టర్ లేకున్నా కుంట దగ్గర పెట్టి నీళ్లు తోడొచ్చని నా ఆలోచన. ఫైర్ వాళ్లు వాడే 63 ఎంఎం పైపు నీళ్లు నిండితే చాలా బరువు, అలవాటు లేనివాళ్లు పట్టుకోలేరు, మరి సన్న పైపు సరిపోతుందా? వాళ్ల ఇంజన్ వచ్చాక మా ట్యాంకర్ నీళ్లు దానికి ఎక్కించాలంటే పైపులు కలిపే కప్లింగ్ ఏది ఉండాలి?

ఇంకోటి, డబ్బులు. పంచాయతీ నిధుల్లోంచి ఇది కొనొచ్చా, తీర్మానంలో ఏమని రాయాలి? సర్పంచ్‌ను అడిగితే "ఆడిట్‌లో పట్టుకుంటారు" అని టెన్షన్ పడుతున్నాడు. మీ ఊళ్లో ఎవరైనా చేసి ఉంటే పంపు ఫొటో, అయిన ఖర్చు పెట్టండి అన్నా.