మందు డబ్బా మూడుసార్లు కడిగితే ఇంట్లో వాడుకోవచ్చా?

పరకాల అబ్బాయి:
పండగకు ఊరు వెళ్లాను. పత్తి చేనుకు అమ్మ మంచినీళ్లు తీసుకెళ్లే అయిదు లీటర్ల తెల్ల డబ్బా మీద చిరిగిన కాగితం, దాని కొసన ఎర్ర త్రికోణం (అతి విషమైన మందు అని చెప్పే గుర్తు) ముక్క కనిపించాయి. పురుగు మందు డబ్బా! "బూడిదతో తోమాను, సబ్బుతో కడిగాను, వాసన కూడా లేదు" అంటుంది. మూడేళ్లుగా అవే నీళ్లు తాగుతోంది. ఇది ప్రమాదమా కాదా?

నర్సంపేట మిర్చి:
మూడుసార్లు కడగమని మందుల వాళ్లే చెబుతారు. మా ఇంట్లో అలాంటివి నాలుగున్నాయి. భయపడకు తమ్ముడూ.

హనుమకొండ టీచరమ్మ:
అది పారేసే ముందు కడగడం గురించి. కడిగిన నీళ్లు మందు కొట్టే పంపులోనే పోసి చేనుకు కొట్టాలి, తర్వాత డబ్బాకు చిల్లు పొడవాలి, మళ్లీ ఎవరూ వాడకుండా. మందు ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది. 2013 జులైలో బిహార్‌ సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటకు వాడిన నూనెలో దొరికింది మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు. కూరగాయల మీద కొట్టకూడదని 2005లోనే నిషేధించిన మందు అది. నూనె పాత మందు డబ్బాలో పోశారని పోలీసులు అనుమానించారు.

నర్సంపేట మిర్చి:
ఆ డబ్బా మూడుసార్లు కడిగారా? ఎవరైనా చూశారా? నేను అడిగింది అదొక్కటే.

కాజీపేట రైలు:
మూడా, నాలుగా అని వాదించుకునే లోపు ఆమెకు వేరే డబ్బా కొనిస్తే పోతుంది కదా.

హనుమకొండ టీచరమ్మ:
డబ్బా కొంటే పోదు, అసలు ముప్పు మందుతోనే. మా నాన్న మందును చేత్తోనే కలిపేవాడు. చివరి అయిదేళ్లు గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేవి.

నర్సంపేట మిర్చి:
మందు వల్లే అని డాక్టరు చెప్పారా?

హనుమకొండ టీచరమ్మ:
చెప్పలేదు. ఆయన చేతులు నేను చూశాను.

నర్సంపేట మిర్చి:
అయితే అది రుజువు కాదు. మేడమ్, విషం డబ్బాలో కన్నా నా వీపు మీద ఎక్కువ. పంపు కారితే చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది, సాయంత్రానికి తల తిరుగుతుంది. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఎన్నిసార్లు కొట్టానో లెక్క లేదు. ఆ సంవత్సరం పంట కూడా దక్కలేదు.

హనుమకొండ టీచరమ్మ:
చేతి తొడుగులు వేసుకోవచ్చు కదా? ఎర్ర త్రికోణం మందులు మానేయవచ్చు కదా? జనగామ జిల్లా ఏనబావిలో ఊరంతా మానేసింది.

నర్సంపేట మిర్చి:
ఊరంతా అని మీరే అన్నారు. నేనొక్కడినే మానేస్తే పక్క చేను పురుగంతా నా చేనులోకే. భూసారం తిరిగి రావడానికి రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. నాది కౌలు భూమి, ఉగాదికి ఉంటుందో ఊడుతుందో తెలియదు. మీ రెండెకరాలు కౌలుకు ఇచ్చినట్టు కిందటి నెల మీరే ఇక్కడ రాశారు. మీ కౌలుదారు మందు మానేసి దిగుబడి తగ్గితే కౌలు తగ్గిస్తారా?

(రెండు రోజులు జవాబు లేదు)

హనుమకొండ టీచరమ్మ:
తగ్గించలేదు. పోయిన సంవత్సరం అడిగాడు. అమ్మాయి ఫీజు కట్టాల్సి ఉండి కుదరదన్నాను. అయినా డబ్బా డబ్బానే. అందులో నీళ్లు తాగకూడదు.

నర్సంపేట మిర్చి:
సరే, తాగకూడదు. పారేయడం ఎక్కడ? చెత్త బండి అబ్బాయి తీసుకోడు, దుకాణంలో తిరిగి తీసుకోరు. కాలిస్తే ఆ పొగ మా పిల్లలే పీలుస్తారు. చిల్లు పొడిచి ఇంటి వెనక పోగేయమంటారా?

పరకాల అబ్బాయి:
ఉదయం అమ్మ డబ్బాకు మేకు కొట్టాను. స్టీలు బిందె కొనిచ్చాను, చేనుదాకా మోయలేనంటోంది. ఆ డబ్బా ఇంకా పెరట్లోనే ఉంది, పారేయనివ్వడం లేదు.