ఫోన్‌లో గేమ్ ఆడేవాళ్ళ కోసం కొత్తగా ఎవరూ ఆలోచించడం లేదా?

చివరి జోన్
మా తమ్ముడు రోజూ రాత్రి ఫోన్‌లో బీజీఎంఐ (పబ్‌జీ లాంటి షూటింగ్ గేమ్) ఆడతాడు. ఇరవై నిమిషాలు దాటితే చాలు, కెమెరా దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి, స్క్రీన్ దానంతటదే మసకబారిపోతుంది, సరిగ్గా లాస్ట్ జోన్‌లో, అంటే ఆట తేలిపోయే చివరి ఘట్టంలో ఉన్నప్పుడే ఫ్రేములు పడిపోతాయి, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టుకుని, చార్జర్ గుచ్చి ఆడుతున్నాడు. ఫోన్ కొని రెండేళ్ళు. మార్చుదామని షాపుకెళితే మళ్ళీ అవే మాటలు, చిప్ పేరు, మెగాపిక్సెళ్ళు. అద్దం మీద వేళ్ళు రుద్దుతూ ఆడటం మాత్రం పదేళ్ళుగా ఏమీ మారలేదు, రెండు బొటనవేళ్ళే సగం ఆటను కప్పేస్తాయి. దీని మీద ఎవరూ ప్రయత్నించలేదా, లేక ప్రయత్నించి వదిలేశారా?

పాత ఫోన్ల పిచ్చి
ప్రయత్నించారండీ. 2003లో నోకియా ఎన్-గేజ్ అని ఫోనూ గేమ్ మెషీనూ కలిపి తెచ్చింది, కానీ గేమ్ కార్డు మార్చాలంటే వెనక మూత తీసి బ్యాటరీ బయటికి లాగాలి, మాట్లాడాలంటే ఫోన్‌ని అంచు మీద నిలబెట్టి చెవికి ఆనించుకోవాలి. ఐడియా మంచిదే, చేతిలో పట్టుకుని వాడి చూసినవాడు మాత్రం అలా డిజైన్ చెయ్యడు. 2011లో సోనీ ఎరిక్సన్ ఎక్స్‌పీరియా ప్లే వచ్చింది. హాస్టల్లో మా రూమ్మేట్ దగ్గర ఉండేది, పైకి జరిపితే కింద నుంచి బటన్లు వచ్చేవి, కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నా వేలికి బటన్ దొరికేది. ఆ సుఖం మళ్ళీ ఏ ఫోన్‌లోనూ చూడలేదు. అప్పటికే గేములన్నీ టచ్ కోసమే తయారవుతున్నాయి, దాంతో ఆ బటన్లకు పని లేకుండా పోయింది.

రిపేర్ అన్న, విజయవాడ
నా వరకు అసలు సమస్య వేడి. మామూలు ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు, ఇంకా పలచగా చేస్తూ పోతున్నారు, వేడి పోయే దారి లేక చిప్ తన స్పీడు తనే తగ్గించుకుంటుంది. మీ తమ్ముడికి ఫ్రేములు పడిపోయేది అందుకే. స్టీమ్ డెక్ అని చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్‌లో ఫ్యాన్ ఉంది, కానీ అది దాదాపు 670 గ్రాములు, జేబులో పట్టదు. ఇక చార్జింగ్ పెట్టి ఆడితే బ్యాటరీ వేడి కూడా తోడవుతుంది. కొన్ని గేమింగ్ ఫోన్లలో బైపాస్ చార్జింగ్ ఉంది, ఆడుతున్నంతసేపూ కరెంటు బ్యాటరీలోకి పోకుండా నేరుగా ఫోన్‌కే వెళుతుంది. నన్నడిగితే నాలుగో కెమెరా కంటే పదిహేను వేల ఫోన్‌లో కూడా ఇది పెట్టడం ముఖ్యం, బ్యాటరీలు ఉబ్బి నా టేబుల్ మీదికొచ్చే ఫోన్లు సగం తగ్గుతాయి.

నాలుగు సెల్లులు
హంగుల కంటే బ్యాటరీ ముఖ్యమని అన్న చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తాను. 1989లో నింటెండో వాళ్ళ చేతి గేమ్ మెషీన్ గేమ్ బాయ్ వచ్చినప్పుడు దాని స్క్రీన్‌కి రంగుల్లేవు, లోపల లైటు కూడా లేదు, కానీ నాలుగు సెల్లులతో పది గంటలు దాటి ఆడేది. దానికి పోటీగా వచ్చిన సెగా గేమ్ గేర్‌కి రంగుల తెర ఉంది, ఆరు సెల్లులు మింగి మూడు నుంచి ఐదు గంటల్లో చేతులెత్తేసేది. గెలిచింది గేమ్ బాయే. దాన్ని తయారుచేసిన గున్‌పే యొకోయ్ నమ్మకం కూడా అదే, పాతబడి చవకైన టెక్నాలజీని కొత్త పద్ధతిలో వాడాలని. వేళ్ళు ఆటను కప్పేస్తాయన్నారు కదా, 2004లోనే నింటెండో డీఎస్ రెండు తెరలు పెట్టింది, కిందది తాకడానికి, పైది చూడటానికి. 2011లో సోనీ చేతి గేమ్ మెషీన్ వీటా అయితే వెనకవైపు టచ్ ప్యాడ్ ఇచ్చింది, వేళ్ళు వెనక, ఆట ముందు. ఇన్ని దారులుండగా ఫోన్ తయారుచేసేవాళ్ళు ఇటు చూడకపోవడమే నాకు బాధ. మడతపెట్టే ఫోన్లలో తెర ఎలాగూ మధ్యకి వంగుతుంది, కింది సగాన్ని బటన్లకు వదిలే గేములు రావాలి.

చివరి జోన్
అందరికీ థాంక్స్. రిపేర్ అన్నా, మీరు రాసింది చదివి తమ్ముడి ఫోన్ తెచ్చి చూశాను. కవర్ తీస్తే వెనక ప్యానెల్ ఒక అంచు దగ్గర లేచి ఉంది, సందులో గోరు దూరుతోంది. వాడు కవర్ వదులైందనుకున్నాడట.

రిపేర్ అన్న, విజయవాడ
అది కవర్ కాదు, బ్యాటరీ ఉబ్బింది. ఇక చార్జింగ్ పెట్టొద్దు, స్విచాఫ్ చేసి పరుపుకీ దిండుకీ దూరంగా పెట్టండి, ప్యానెల్‌ని నొక్కి మూయాలని అస్సలు చూడకండి. పొద్దున్నే దగ్గర్లో ఎవరి దగ్గరికైనా తీసుకెళ్ళి మార్పించండి.