ఆమిష్ ప్రేమకథ: నాయిక బాప్తిస్మానికి ముందు వెళ్లాలా, తర్వాతా?

అమెరికాలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో, ఆమిష్‌ల (ఆధునిక సౌకర్యాలకు చాలావరకు దూరంగా బతికే క్రైస్తవ సంఘం) మధ్య జరిగే కథ. ఒక ముడి దగ్గర సాయం కావాలి.

నాయిక మొండిఘటం, వయసు 22. క్విల్టు (గుడ్డముక్కలతో కుట్టే బొంత) దుకాణం తనే నడుపుతుంది (ఆమిష్ ఆడవాళ్లకు ఇది మామూలే, గొడవ ఇక్కడ పుట్టదు). మనసుపడ్డవాడు బయటివాడు. వాళ్లలో బాప్తిస్మం పెద్దయ్యాక తీసుకుంటారు, దాంతోనే సంఘంలో చేరినట్టు. వేసవిలో ఆ పాఠాలు మొదలయ్యాయి, 1632 నాటి డోర్డ్రెక్ట్ విశ్వాస ప్రకటనలోని 18 అధికరణలు. బాప్తిస్మానికి ముందే తప్పుకుంటే వెలి ఉండదు, కథలో పదునూ ఉండదు. తీసుకున్నాక వెళ్తే వెలి. అమ్మ పక్కన చిన్న బల్ల వేసి, నాయికకు విడిగా కంచం పెట్టే సన్నివేశం పండుతుంది. కానీ తిరిగొస్తే సంఘం ముందు మోకరిల్లి తప్పు ఒప్పుకోవాలి. అక్కడే ఆమె ఓడిపోయినట్టు తేలుతోంది.

పెళ్లి ముహూర్తం ఇంకో తలనొప్పి. అక్కడ పెళ్లిళ్లు ఎక్కువగా పంటలయ్యాక, మంగళ, గురువారాల్లో. పెరట్లో సెలరీ (పెళ్లి విందులో వాడే ఆకుకూర) ఎక్కువ నాటితేనే ఊరు పసిగట్టేస్తుంది! పైగా ఆమె ప్రేమించినవాడు వాళ్ల పెన్సిల్వేనియా జర్మన్ భాష నేర్చి సంఘంలో చేరడం ఒక్క ఏడాదిలో తేలదు.

మోకరిల్లడం ఆమె సొంత నిర్ణయంలా కనబడాలంటే ముందు అధ్యాయాల్లో ఏం వేసి ఉంచాలి? బిషప్‌ను దుర్మార్గుణ్ణి చేయకుండా చెప్పండి.