బ్రిటన్‌ని ఇంకా క్రైస్తవ దేశం అనొచ్చా?

తేమ్స్ గట్టు:
2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి క్రైస్తవులమని రాసుకున్నవాళ్లు 46.2 శాతం. పదేళ్ల ముందు 59.3. ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2. వేల్స్‌లోనైతే మతం లేదన్నవాళ్లే క్రైస్తవుల్ని దాటేశారు. అయినా లండన్‌లో పార్లమెంటు ఎగువసభైన ప్రభువుల సభలో ఇంగ్లండ్ అధికార చర్చికి చెందిన 26 మంది బిషప్పులు కూర్చుని చట్టాల మీద ఓటేస్తారు. ఆ కుర్చీలు తీసేయాలంటాను. మీరేమంటారు?

హారో అత్తయ్య:
తీసేయడమెందుకు బాబూ? నేను రోజూ దీపం పెట్టుకునే మనిషినే, నాకేం ఇబ్బంది లేదు. చర్చి బడులకు ప్రభుత్వం డబ్బిస్తోంది కాబట్టే, మాకూ ఇవ్వమని మిగతా మతాలవాళ్లు అడగగలిగారు. లండన్‌లోని మా హారోలో 2008లో సర్కారు ఖర్చుతో హిందూ బడి తెరిచారు. 2023లో చార్లెస్ రాజు పట్టాభిషేకంలో బైబిల్ చదివింది హిందువైన అప్పటి ప్రధాని సునాక్. చూసి భలే ముచ్చటేసింది.

మెదక్ బిడ్డ:
అత్తయ్యగారూ, నేను చర్చికి పోయేవాణ్ణి, అయినా తీసేయమనే అంటాను. బ్రిటిషోళ్ల మతమంటే 1534లో ఎనిమిదో హెన్రీ రాజు పోప్‌ని కాదని తన చేతిలోకి తీసుకున్న ఈ అధికార చర్చి ఒక్కటే కాదు. మా మెదక్ చర్చి కట్టించిన పాస్నెట్ దొర మెథడిస్టు, అంటే ఆ అధికార చర్చి నుంచి విడిపోయిన ప్రొటెస్టెంట్ శాఖవాడు. కరువు రోజుల్లో కూలీలకు పని చూపించి కట్టించారని మా ముసలోళ్లు చెప్తారు. అది 1924లో పూర్తయింది. ఇంగ్లండ్‌లో ఈ మెథడిస్టులూ, బాప్టిస్టులూ, క్యాథలిక్కులూ ఎంత అవమానం పడ్డారో తెలుసా? అధికార చర్చి సిద్ధాంతాలకు సంతకం పెట్టనివాడికి 1854 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో అడ్మిషనే లేదు. సాటి క్రైస్తవుడికే!

ఇంకోటి, జనం చర్చి మానేయడం ఇవాళ్టి సంగతి కాదు. 1851 మార్చి 30 ఆదివారం ప్రార్థనకు ఎంతమంది వచ్చారో ప్రభుత్వం లెక్కపెట్టించింది. లక్షల మంది రానే లేదు. వచ్చినవాళ్లలో కూడా దాదాపు సగం వేరే చర్చిలవాళ్లే. అప్పుడే గుండెలు బాదుకున్నారు పెద్దమనుషులు.

తేమ్స్ గట్టు:
అన్నా, ఆక్స్‌ఫర్డ్ సంగతి నాకు తెలియదు. మరి వేల్స్‌లో 1920లోనే చర్చిని రాజ్యం నుంచి విడదీశారు. అయినా చర్చి బాగుపడలేదు కదా?

మెదక్ బిడ్డ:
బాగుపడుతుందని నేనెక్కడన్నా తమ్ముడూ? న్యాయం అన్నాను.

హారో అత్తయ్య:
లండన్ బ్రిక్ లేన్‌లో ఒక కట్టడం ఉంది. 1743లో ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు చర్చిగా కట్టుకున్నారు. తర్వాత మెథడిస్టులది, 1898 నుంచి యూదులది, 1976 నుంచి మసీదు. ఇదంతా బిషప్పులు ఆ సభలో కూర్చుని ఉండగానే జరిగింది. వాళ్లవల్ల ఎవరికి అడ్డమొచ్చింది?

మెదక్ బిడ్డ:
అడ్డం రాకపోతే ఓటు ఉండొచ్చనా? ఆ మసీదు ఇమామ్‌కీ, మా మెథడిస్టు పాస్టర్‌కీ లేని కుర్చీ వాళ్లకెందుకో అది చెప్పండి ముందు.